మార్కులు తగ్గాయి, నాన్నకి ఏమని చెప్పను?

ప్రకాశం జిల్లా నుంచి పందొమ్మిదేళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. నోటుబుక్కు కాగితాలు ఆరు, రెండు వైపులా నిండా రాసింది. పేరు, ఊరు వేయవద్దంది. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఇంట్లో అమ్మ, నాన్న, తను, పదో తరగతి చదివే తమ్ముడు. రెండెకరాల సొంత పొలం, ఇంకో మూడెకరాలు కౌలు. పొగాకు వేస్తారు. టెన్త్‌లో మంచి మార్కులు వచ్చాయని విజయవాడలో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉంచి బైపీసీ చదివించారు. 2024లో ఇంటర్ అవుతూనే ఎంబీబీఎస్ సీటు కోసం నీట్ రాస్తే 468 మార్కులు వచ్చాయి, సీటు రాలేదు. నాన్న అరెకరం తాకట్టు పెట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షా అరవై వేలు తెచ్చి, ఏడాది పొడవునా మళ్లీ నీట్ కోసం చదివించే లాంగ్ టర్మ్‌లో చేర్చారు. 2025లో వచ్చినవి 431. "ఏడాదంతా చదివి 37 మార్కులు పోగొట్టుకున్నాను మేడం" అని రాసింది.

తెల్లవారుజామున ఐదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్. దసరా తర్వాత ఒక వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గాయని మొదటి సెక్షన్ నుంచి నాలుగో సెక్షన్‌కి మార్చారు. అక్కడ లెక్చరర్లు వేరు, టైమ్ టేబుల్ వేరు, పాత స్నేహితులతో కలిసి భోజనం చేసే వీలు కూడా లేదు. అప్పటి నుంచి నిద్ర పట్టడం మానేసింది. నీట్ రోజున చేతులకు చెమటలు పట్టి ఓఎంఆర్ షీటు తడుస్తుందేమోనని కర్చీఫ్ కింద పెట్టుకుని రాసిందట. నెలకోసారి ఆదివారం నాన్న ఐదు గంటలు బస్సులో వచ్చి, క్యారియర్ తెచ్చి, గేటు బయట చెట్టుకింద కూర్చుని తను తింటుంటే చూసేవారు. మార్కులు ఎన్నని ఒక్కసారి కూడా అడగలేదు. "అడిగి తిట్టినా బాగుండేది" అంది.

ఇప్పుడు కౌన్సెలింగ్‌లో ఎంబీబీఎస్ సీటు రాలేదు. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకుతో బీఎస్సీ అగ్రికల్చర్ వచ్చేలా ఉంది. నాన్న మాత్రం "ఇంకొక్క ఏడాది చదువు, ఎలాగోలా కడతా" అంటూ పాత కాలేజీలోనే ఇరవై వేలు అడ్వాన్సు కట్టి వచ్చారు. అమ్మ "ఇక చాలు, సంబంధాలు చూద్దాం" అంటోంది. పెదనాన్న ఒక కన్సల్టెన్సీ వాళ్లను ఇంటికే తీసుకొచ్చారు, విదేశంలో ఎంబీబీఎస్ అని. మూడోసారి రాయాలా, అగ్రికల్చర్‌లో చేరితే ఓడిపోయినట్టేనా, నాన్నకి ఏమని చెప్పాలి అని అడిగింది. చివరి పేజీ అంచున, మిగతా ఉత్తరం కంటే చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: "ఒక్కోసారి నేనే లేకపోతే తమ్ముడి చదువుకైనా డబ్బులు మిగిలేవి అనిపిస్తుంది."

అమ్మా, నువ్వు అంచున రాసిన ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. మిగతావన్నీ ఆ తర్వాత.

నువ్వు అనుకుంటున్న లెక్క తప్పు. నువ్వు లేకపోతే ఆ ఇంట్లో మిగిలేది డబ్బు కాదు. నెలకోసారి క్యారియర్ పట్టుకుని ఐదు గంటలు బస్సులో వచ్చిన మనిషి గురించి ఒక్క నిమిషం ఆలోచించు. అరెకరం ఎప్పుడైనా విడిపించుకోవచ్చు. నెలల తరబడి నిద్ర లేని మనసుకు ఇలాంటి ఆలోచనలు వస్తాయి. అవి నీ బలహీనత కాదు, నీ తప్పూ కాదు. కానీ వాటిని ఒంటరిగా మోయకు. టెలీ మానస్ అని ప్రభుత్వ సహాయ కేంద్రం ఉంది, నంబరు 14416. పగలైనా రాత్రైనా ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులోనే. ఈరోజే చెయ్యి. ఆ ఆలోచన మళ్లీ వచ్చిన రాత్రి ఒక్కదానివే గదిలో ఉండకు, అమ్మ పక్కన వెళ్లి పడుకో, "నాకు భయంగా ఉంది" అని ఆ మూడు మాటలే చెప్పు. నిద్ర గురించి ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి ఒకసారి వెళ్లండి. పరీక్ష రాయాలో వద్దో నువ్వు తేల్చుకోవాల్సింది నిద్రపోయిన మనసుతోనే.

ఇక మార్కుల సంగతి. 37 మార్కులు పోగొట్టుకున్నానన్నావు. పోగొట్టుకోలేదమ్మా. 2024, 2025 పేపర్లు రెండూ ఒకటి కావు. 2024లో సవరించిన ఫలితాల్లో కూడా 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశం మొత్తం మీద అందరికంటే ఎక్కువ వచ్చిన మార్కు 686. జనరల్ కేటగిరీ అర్హత మార్కు 162 నుంచి 144కి దిగింది. ఆ ఏడాది ఫిజిక్స్ చూసి ఏడవని పిల్లలు తక్కువ. నీ ఉత్తరంలోనే, నువ్వు పెద్దగా పట్టించుకోని చోట, ర్యాంకులు రాశావు: మొదటిసారి 2 లక్షల 70 వేలు దాటింది, రెండోసారి లక్షా 80 వేల దగ్గర ఆగింది. అంటే దాదాపు 90 వేల మందిని దాటి ముందుకు వచ్చావు. నాలుగో సెక్షన్‌లో పడేసినా, నిద్ర లేకపోయినా వచ్చావు. సీటు ఇచ్చేది ర్యాంకును చూసి. మార్కులు మాత్రమే చూసి ఇంట్లో అందరూ, అందరికంటే ముందు నువ్వు, వెనక్కి వెళ్లానని నమ్మేశారు. ఈ ఒక్క సంగతి నాన్నకి ముందు చెప్పు.

అయితే ముందుకు రావడం వేరు, సీటు దాకా రావడం వేరు. అది కూడా దాచకుండా చెప్పాలి. మన రాష్ట్రంలో ప్రభుత్వ కాలేజీల్లో చాలావరకు సీట్లు, ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటాలో తక్కువ ఫీజుకి వస్తాయి. ప్రైవేటులో బి కేటగిరీ అంటే ఏడాదికి పది లక్షలు దాటిన ఫీజు, అది మీ ఇంటి లెక్కలో లేదు. కాబట్టి నీకు కావలసింది కన్వీనర్ సీటు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య విశ్వవిద్యాలయం ఏటా ఏ కాలేజీలో ఏ కేటగిరీకి చివరి సీటు ఎంత ర్యాంకుకి వెళ్లిందో తెలిసేలా కేటాయింపు జాబితాలు పెడుతుంది. ప్రకాశం వాళ్లు ఏయూ, అంటే ఆంధ్రా యూనివర్సిటీ, రీజియన్‌లోకి వస్తారు. ఆ రీజియన్‌లో, నీ కేటగిరీలో, అమ్మాయిలకు ఈసారి వెళ్లిన చివరి ర్యాంకు వెతికి నీ ర్యాంకు పక్కన రాసుకో. ఆ రెండింటి మధ్య దూరం నీకు తెలియాలి. "కొంచెంలో పోయింది" అని చుట్టాలు చెప్పే మాటా వద్దు, "దానికి రాదులే" అనే మాటా వద్దు.

తర్వాత పని నువ్వు పంపిన మార్కుల వివరాలతో. వాటిని చూశాను. నేను ఇరవై రెండేళ్లు ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్పాను, పేపర్లు చూడడం నాకు అలవాటు. ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. బయాలజీ 90 ప్రశ్నల్లో 73 కరెక్టు, 10 తప్పు: 282 మార్కులు. కెమిస్ట్రీలో 28 కరెక్టు, 12 తప్పు: 100. ఫిజిక్స్ 45 ప్రశ్నల్లో 17 కరెక్టు, 19 తప్పు, 9 వదిలేశావు: 49 మార్కులు.

నెగెటివ్ మార్కుల వల్లే దెబ్బతిన్నానని రాశావు. చూడు, ఫిజిక్స్‌లో ఆ 19 తప్పులూ అసలు ముట్టుకోకుండా వదిలేసి ఉంటే నీకు పెరిగేవి 19 మార్కులే. అదే వాటిలో పది సరిగ్గా చేసి ఉంటే పెరిగేవి 50, ఎందుకంటే ఒక తప్పు ఒప్పుగా మారితే తేడా ఐదు మార్కులు. కాబట్టి ధైర్యం చేసి పెట్టడం నీ సమస్య కాదు, ఫిజిక్స్ రాకపోవడం సమస్య. అది ఎందుకు రాలేదో కూడా నాకు కొంత అర్థమైంది. బైపీసీ పిల్లలు టెన్త్‌తో లెక్కలు వదిలేస్తారు. ఆ తర్వాత ఫిజిక్స్ లెక్చరర్ బోర్డు మీద త్రికోణమితి, వెక్టర్లు, గ్రాఫులు, కొద్దిపాటి డిఫరెన్సియేషన్ వేస్తుంటే ఫార్ములా మాత్రం బట్టీ పడతారు. ప్రశ్న కాస్త మెలి తిరిగితే చేయి ఆగిపోతుంది. 2025 పేపర్ అలాంటి పేపరే. లాంగ్ టర్మ్‌లో నీకు అంతా మళ్లీ మొదటి నుంచి చెప్పారు, బయాలజీతో సహా. నీకు 73 వచ్చే సబ్జెక్టుకి, 17 వచ్చే సబ్జెక్టుకి టైమ్ టేబుల్లో దాదాపు ఒకే చోటు.

నా దగ్గర చదివిన ఇద్దరు అబ్బాయిలు గుర్తొస్తున్నారు, ఒకే బెంచీ. ఒకడికి మూడో ప్రయత్నంలో కన్వీనర్ సీటు వచ్చింది. రెండోవాడికి నాలుగోసారి కూడా రాలేదు. ఇద్దరూ నిజంగా కష్టపడ్డారు. మొదటివాడు ఆ ఏడాది తనకు రాని కెమిస్ట్రీ పట్టుకుని ఐదు నెలలు కూర్చున్నాడు. రెండోవాడు ప్రతిసారీ బయాలజీతోనే మొదలుపెట్టేవాడు. వచ్చిన సబ్జెక్టు చదువుతుంటే మనసుకి హాయిగా ఉంటుంది కదా, ఆ హాయిలో నెలలు గడిచిపోతాయి. అది చెప్పాల్సింది నేను. గట్టిగా చెప్పలేదు, ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే నీకు చెబుతున్నాను.

మూడోసారి రాయవచ్చా? నిబంధన ఏదీ అడ్డం లేదు. ఐఐటీల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్‌లా రెండేళ్లలో రెండే సార్లు అన్న లెక్క నీట్‌కి లేదు, పై వయోపరిమితి కూడా లేదు. పందొమ్మిదేళ్లకు ఏదీ ఆలస్యం కాదు. కానీ అదే హాస్టల్, అదే సెక్షన్, అదే టైమ్ టేబుల్ అయితే మాత్రం నేను ఒప్పుకోలేను. అక్కడ నీకు జరిగింది చదువు లోపం కాదు. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడగొట్టడం, అందరి ముందు చిన్నబుచ్చడం కోచింగ్ సంస్థలు మానుకోవాలని 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక పదిహేడేళ్ల అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. నువ్వు నాలుగో సెక్షన్‌లో ఏడ్చినదాన్ని చిన్న విషయం అని ఎవరైనా అంటే, దేశంలో అత్యున్నత న్యాయస్థానం దాన్ని చిన్న విషయం అనుకోలేదని తెలుసుకో.

రాయాలనుకుంటే ఇంటి నుంచి, లేదా ఒంగోల్లో బంధువుల ఇంట్లో ఉండి రాయి. ఫిజిక్స్‌కి మంచి ట్యూషన్ ఒకటి, టెస్ట్ సిరీస్ ఒకటి చాలు. మొదటి నెల ఫిజిక్స్ పుస్తకం కూడా తెరవకు, నీ తమ్ముడి లెక్కల పుస్తకంతో మొదలుపెట్టు, వాడికీ పదో తరగతే కదా, ఇద్దరూ కలిసి చేయండి. త్రికోణమితి, గ్రాఫులు, ఆ తర్వాత వెక్టర్లు. కరెంట్ ఎలక్ట్రిసిటీ, సెమీకండక్టర్లు, ఆధునిక భౌతికశాస్త్రం, థర్మోడైనమిక్స్ లాంటి చాప్టర్లు నీలాంటి వాళ్లకు త్వరగా దారికొస్తాయి, మెకానిక్స్‌కి ఎక్కువ రోజులు పడుతుంది. బయాలజీకి రోజూ గంటన్నర చాలు, అది నీ చేతిలోంచి జారిపోకుండా ఉంటే చాలు. డిసెంబర్ ఆఖరికి పాత పేపర్లు టైమ్ పెట్టుకుని చేస్తే ఫిజిక్స్‌లో 90 మార్కులు నిలకడగా దాటుతున్నావా లేదా చూసుకో. దాటకపోతే ఫిబ్రవరిలో మళ్లీ అప్పు చేసి క్రాష్ కోర్సులో చేరవద్దు. ఇది ఇప్పుడే, తలలో వేడి లేనప్పుడే, నాన్న ముందు ఒప్పుకుని పెట్టుకోవాల్సిన మాట.

ఆ దారిలో పోయేది కూడా చెబుతాను. ఇంకో ఏడాది. పాత అప్పుకి నెలకి 3,200 చొప్పున ఏడాదికి 38,400 వడ్డీ. అదీ కాక, మే నెలలో మళ్లీ సీటు రాకపోతే ఆ రోజు ఇప్పటి కంటే బరువుగా ఉంటుంది. ఆ బరువు మోసే స్థితిలో ఉన్నావో లేదో నీకు, డాక్టరుకి తెలియాలి, పెదనాన్నకి కాదు.

అగ్రికల్చర్ గురించి నువ్వు రాసిన మాటలు రెండుసార్లు చదివాను. "ఓడిపోయినట్టేనా" అని అడిగావు. దానికి నాలుగు వాక్యాల ముందే, నాన్న నారుమడిలో తెగులు వస్తే ఏ మందో వెతికి ఫోన్లో చెప్పానని, అది పనిచేసిందని రాశావు. ఆ నాలుగు వాక్యాల్లో నీ చేతిరాత కూడా మారింది, పెద్దగా, తేలిగ్గా ఉంది. నేను దాన్నిబట్టి తీర్పు చెప్పను, నువ్వే ఒకసారి చూసుకో.

లాం కేంద్రంగా ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల కోర్సు. పల్లెల్లో చదివిన రైతు పిల్లలకు విడిగా కోటా ఉంది, పొలం పత్రాలు, చదువు సర్టిఫికెట్లు సరిగా ఉన్నాయో ఇప్పుడే చూసుకోండి, ఆఖరి నిమిషంలో ఆ కాగితాల దగ్గరే చాలామంది ఆగిపోతారు. చివరి ఏడాది పల్లెల్లో ఉండి రైతులతో పనిచేయిస్తారు. బయటికొచ్చాక వ్యవసాయ అధికారి పోస్టులు, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్, విత్తన కంపెనీలు, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పరీక్ష రాస్తే పీజీ. ఉద్యోగం వెంటనే చేతిలో పెడతారని చెప్పను, ప్రభుత్వ పోస్టుల నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. కానీ ఎంబీబీఎస్ కూడా ఐదున్నరేళ్లు, ఆపైన పీజీకి మళ్లీ నీట్ లాంటి పరీక్షే. ఎదురుచూపు అక్కడా ఉంది.

చేరి, పక్కన నీట్ రాస్తానంటే? కొందరు చేస్తారు. అగ్రికల్చర్ మామూలు డిగ్రీలా ఉండదు, హాజరు కచ్చితం, ప్రాక్టికల్స్ పొలంలో, సెమిస్టర్ పరీక్షలు ఆగవు. రెండు పడవల మీద కాళ్లు పెడితే మొదటి ఏడాది రెండూ దెబ్బతినే అవకాశం ఎక్కువ. మధ్యలో మానేస్తే సర్టిఫికెట్లు, ఫీజు ఏమవుతాయో చేరేముందే ఆఫీసులో అడుగు. ఇంకోటి, నువ్వు వదిలేసిన సీటు ఇంకో రైతు కూతురిది కూడా కావచ్చు. మనసులో నీట్ తేలిపోయాకే చేరడం నాకు మంచిదనిపిస్తుంది. లేదంటే ఆరు నెలలు చదివి, నిజంగా నచ్చలేదని తెలిశాక అప్పుడు ఆలోచించవచ్చు.

ఇదే నీట్ ర్యాంకుతో బీఏఎంఎస్ (ఆయుర్వేదం), బీహెచ్ఎంఎస్ (హోమియో), బీడీఎస్ (దంతవైద్యం), వెటర్నరీ (పశువైద్యం) కౌన్సెలింగులు వేరుగా జరుగుతాయి. నీ ఉత్తరంలో వాటి మాటే లేదు. "ఎంబీబీఎస్ రాలేదు కాబట్టి నీట్ వృథా" అనుకున్నట్టున్నావు. ఒక్క ఏడాదికే పనికొచ్చే ర్యాంకు అది, తెల్ల కోటే కావాలంటే ఆ తేదీలు చూసుకో.

విదేశీ ఎంబీబీఎస్ గురించి కొద్దిగానే చెబుతాను. అక్కడి కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్ మీడియంలో ఉండాలి, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్, తిరిగొచ్చాక, విదేశంలో చదివినవాళ్లు రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్ష పాసై ఇక్కడ మళ్లీ ఇంటర్న్‌షిప్. ఎఫ్ఎంజీఈ రాసినవాళ్లలో ఎక్కువమంది ఒక్కసారికి గట్టెక్కడం లేదు. ఇంటికొచ్చిన కన్సల్టెన్సీ మనిషి ఇవేవీ చెప్పలేదని నువ్వే రాశావు. మిగిలిన ఒకటిన్నర ఎకరం ఆ మనిషి మాట మీద పెట్టకండి.

అమ్మ మీద కోపం ఉన్నట్టుంది నీ రాతలో. ఆమె పెళ్లి మాట ఎత్తింది నువ్వు భారమని కాదు, నువ్వు అర్ధరాత్రి లేచి కూర్చోవడం చూసి, ఇదంతా ఆగిపోతే బాగుండని. "ఈ కోర్సులో చేరుతున్నా" అనో, "డిసెంబర్ దాకా చూస్తా" అనో స్పష్టంగా చెబితే ఆమె భయం సగం తగ్గుతుంది. పెళ్లి మాత్రం ఇప్పుడు వద్దని నీ నోటితో నువ్వే చెప్పు.

నాన్నకి చెప్పడం దగ్గరికి వచ్చాం. ఆయన ఎప్పుడూ మార్కులు అడగలేదంటే ఆయనకీ భయమే. అడిగితే నువ్వు విరిగిపోతావేమోనని ఆ చెట్టుకింద మౌనంగా కూర్చున్నారు. నువ్వేమో ఆయన నమ్మకం పోతుందని మౌనంగా తిన్నావు. ఇద్దరి మధ్యా క్యారియర్ ఒక్కటే మాట్లాడింది. ఫోన్లో కాదు, ఉత్తరంలో కాదు, సాయంత్రం భోజనాలయ్యాక ఆయన మంచం మీద కూర్చున్నప్పుడు ఒక కాగితం పట్టుకెళ్లు. అందులో రెండు ర్యాంకులు, చివరి సీటు ర్యాంకు, ఫిజిక్స్ 49, అప్పు, వడ్డీ, అగ్రికల్చర్ ఫీజు. "నాన్నా, నేను వెనక్కి పోలేదు, ఇదిగో చూడు" అని మొదలుపెట్టు. ఆయన పంటకి ఎకరాకి ఎంత పెట్టుబడి, ఎంత వచ్చింది అని లెక్క చూసే రైతు. బాధ చెబితే కంగారుపడతారు, లెక్క చెబితే వింటారు. లెక్క అయ్యాక నిద్ర పట్టని సంగతి కూడా చెప్పు, దాచవద్దు. ఆయన వెంటనే ఒప్పుకోకపోవచ్చు, "ఇంకొక్క ఏడాది" అనే మళ్లీ అనవచ్చు. ఆ రాత్రే తేలాలని పట్టుబట్టకు, కాగితం ఆయన దగ్గరే వదిలెయ్.

కట్టిన ఇరవై వేలు పోతాయేమోననే భయంతో మాత్రం నిర్ణయం తీసుకోవద్దు. కోచింగ్ సంస్థలకు కేంద్రం 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మధ్యలో మానేసినవాళ్లకు మిగిలిన కాలానికి ఫీజు, హాస్టల్ ఫీజుతో సహా, పది రోజుల్లో తిరిగి ఇవ్వాలని ఉంది. అన్నిచోట్లా అమలు కాదు, నిజమే. కానీ రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితానికి రసీదు తీసుకోండి. ఇవ్వకపోతే జిల్లా అధికారులకు ఫిర్యాదు చేయడానికి ఆ రసీదే ఆధారం.

ఇన్ని దారుల్లో నేనైతే ఏది అంటానో అడిగావు కాబట్టి చెబుతున్నా: నీ ఆరోగ్యం ఇప్పుడున్నట్టే ఉంటే నా మనసు అగ్రికల్చర్ వైపు మొగ్గుతోంది. నిద్ర కుదుటపడి, ఫిజిక్స్ మీద నిజంగా పట్టుదల ఉంటే ఇంటి నుంచి ఒక ప్రయత్నం తప్పేమీ కాదు. నేను చూసింది ఆరు కాగితాలే, నిన్ను నువ్వు రోజూ చూసుకుంటున్నావు.

గ్రాండ్ టెస్ట్ పేపర్లన్నీ ట్రంకు పెట్టెలో దాచానన్నావు. వాటిలో ఆఖరి ఎనిమిది తీసి, ఫిజిక్స్ తప్పుల పక్కన ఒక్కొక్కదానికి రాయి: తెలియదు, తెలిసీ తప్పు చేశాను, ఊహించి పెట్టాను. అగ్రికల్చర్ ఆప్షన్లు పెట్టుకునే ఆఖరి తేదీ ఎప్పుడో ఈరోజే తమ్ముడితో ఫోన్లో చూపించుకో. ముందు 14416కి ఫోన్ చెయ్యి, ఏం మాట్లాడారో నాకు రాయి.